చాపకు అవతల చెప్పిన రంగు

6 ఫిబ్రవరి 1955, ఆదివారం. ఉదయగిరి

ఈ ఉదయం పదకొండు గంటలకు బ్లాకు అధికారి నా భార్య చెంచులక్ష్మిని ఆత్మకూరు కోళ్ల ప్రదర్శనకు గుడ్ల జడ్జిగా నిర్ణయించాడు. ఆమె పేరు చెప్పింది ప్రేమానందం. నన్ను ముందుగా ఎవరూ అడగలేదు.

ప్రదర్శన ఈ నెల 27న. కోళ్లకు జడ్జి ప్రేమానందమే. మిషన్ స్కూల్లో లెక్కలు చెబుతాడు. బడి వెనకే ఇల్లు, పెరట్లో విదేశీ జాతి సీమకోళ్లు పెంచుతాడు. భార్య లిదియమ్మ నెల్లూరు ఆస్పత్రిలో నర్సు, ఎప్పుడో ఒకసారి వచ్చి పోతుంది. గుడ్లకు జడ్జి నేనే అవుతానని ఊళ్లో చాలామంది అనుకున్నారు. నేను అనుకోలేదు. అయితే రంగుల కమిటీకి రికార్డు రాసేది నేను. పోయిన సంవత్సరం జరిగిన గొడవను పత్రికకు రాసి పంపిందీ నేనే. ఆ వార్త పడకపోతే ఈ కమిటీ పుట్టేదే కాదు.

ఆ గొడవ రంగు మాట మీద వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన జడ్జి లేత గోధుమ రంగు గుడ్లకు మొదటి బహుమతి అని ప్రకటించాడు. సంగం వాళ్లు తమ బుట్ట పైకెత్తారు. సీతారామపురం వాళ్లు తమ బుట్ట పైకెత్తారు. ఆత్మకూరు, ఉదయగిరి రెండు తాలూకాల్లోనూ గోధుమ పండించేవాడు లేడు. ఎవరి గోధుమ వాళ్లది. చివరికి రెండు బుట్టల్లోనూ గుడ్డు మిగల్లేదు.

కోళ్లకు ఈ బాధ లేదు. కాకి, డేగ, నెమలి అని పందేల వాళ్లు పెట్టుకున్న పేర్లున్నాయి. గుడ్డు రంగుకు మాత్రం రెండు ఊళ్లు ఒప్పుకునే పేరు లేదు. ఆ పేర్లు తేల్చడమే కమిటీ పని.

బ్లాకు అధికారి వెళ్లేముందు, ఆమెను పంపడానికి నా సమ్మతి ఇరవై అయిదో తేదీలోగా తెలపమన్నాడు. ఆత్మకూరులో జడ్జీల పేర్లు అచ్చు వేయించాలట. చూస్తానన్నాను. చెంచులక్ష్మి నవ్వింది. అప్పుడు ఆమె చూస్తున్నది నన్ను కాదు.

7 ఫిబ్రవరి

నాకు అసూయ లేదు. ఆమె పేరు అచ్చులో వస్తే నా ఇంటికే గౌరవం. ఇది రాసి ఉంచడం మంచిది.

9 ఫిబ్రవరి, బుధవారం

ఇవాళ కూడా పరీక్ష. పద్ధతి ప్రేమానందం పెట్టినదే. బడి వరండాలో, ఎండ పడని వైపు, ఒక చాప వేలాడదీస్తాం. ఇటు చెంచులక్ష్మి, అటు ప్రేమానందం కూర్చుంటారు. ఇద్దరి ముందూ ఒకే రకం పళ్లెం. అందులో చిన్న గిన్నెల్లో సున్నం, వెన్న, కొర్రలు, అరగదీసిన చందనం, ఇటుక పొడి, బూడిద. నేను గుడ్డు తెచ్చి ముందు ఈమెకిస్తాను. ఏ గిన్నె రంగుకు దగ్గరగా ఉంటే ఆ గిన్నె పక్కన పెడుతుంది. రాసుకుని, గుడ్డు తీసుకుని అవతలికి వెళ్లి అతనికిస్తాను. నోరు విప్పకూడదు. ఏ గిన్నె దగ్గరా పోలిక కుదరకపోతే గుడ్డును పళ్లెం బయట పెట్టాలి. ఇద్దరి చేయీ పదే పదే ఒకే గిన్నె దగ్గరికి వెళితే ఆ గిన్నె పేరే రంగు పేరు. అందరి ఇళ్లలో ఉండే వస్తువు కాబట్టి ఎక్కడివాడైనా చూసి పోల్చుకోగలడు. పద్ధతి మంచిదే. ఎవరిదైనా మంచిదాన్ని మంచిదనే రాస్తాను.

బూడిద ఎందుకని మొదటిరోజే అడిగాను. బూడిద రంగులో ఏ కోడీ గుడ్డు పెట్టదు కదా అన్నాను.

"పెట్టదన్నా. అందుకే పెట్టినాను. చూడకుండా ఊహించి పెట్టేవాడు అక్కడ దొరుకుతాడు" అన్నాడు.

ఇవాళ తేడా ఒక్కటి కూడా రాలేదు. పోయిన వారమూ రాలేదు. ఈమె చందనం దగ్గర పెట్టిన గుడ్డు అవతల చందనం దగ్గరికే వెళుతుంది. ఈమె కొర్రల దగ్గర పెడితే అతనూ కొర్రలే. నేను కోర్టు వార్తలు చాలా రాశాను. ఇద్దరు సాక్షులు అక్షరం పొల్లు పోకుండా ఒకటే చెబితే మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి చూస్తాడు.

అతను నన్ను అన్నా అంటాడు. ఆ లెక్కన ఆమె వదిన. వదినతో పరాచికాలాడితే లోకం తప్పు పట్టదు. వరస బాగా ఎంచుకున్నాడు.

10 ఫిబ్రవరి

ఒక సంగతి. ఇవాళ ఆమె మట్టిరంగు చీర కట్టుకుంది. బడి గేటు దగ్గర అతను, "ఆకుపచ్చ మీకు నప్పిందొదినా, పొలంలో నిలబడితే కనపడరు" అన్నాడు. ఆమె నవ్వి, పైట సర్దుకుని, నా వైపు చూసి నవ్వు ఆపేసింది.

రెండు తప్పులు. పరాయివాడి భార్య చీర గురించి మాట్లాడటం ఒకటి. మట్టిరంగును ఆకుపచ్చ అనడం రెండోది. ఈయన రంగుల కమిటీకి పెద్ద.

నా వార్తల్లో రంగు ఉండదు. ఊళ్లో ఇళ్లు కాలితే ఎన్ని ఇళ్లు, ఎన్ని వాములు, ఎవరి పశువులు అని రాస్తాను. మంట ఎలా ఉందో రాయను. రంగు చూసేవాడి అభిప్రాయం. పత్రికాఫీసు వాళ్లు నన్ను మెచ్చుకునేది ఇందుకే.

13 ఫిబ్రవరి, ఆదివారం

సైగ ఉండాలి. గాజుల చప్పుడో, దగ్గో. ఇవాళ కారణమేమీ చెప్పకుండా చాప మీద గోనెపట్టా కూడా వేశాను. ఆమెను గాజులు పైకి తోసుకోమన్నాను. గాజులు గుడ్డుకు తగులుతాయని చెప్పాను. మోచేతి దాకా తోసుకుంది.

తేడా రాలేదు.

14 ఫిబ్రవరి

కోళ్లకు నూకలు వేస్తూ కూనిరాగం తీసింది. ఈ ఇంట్లో ఆమె పాడగా విని చాలా ఏళ్లయింది.

16 ఫిబ్రవరి, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పరీక్ష అయ్యాక గుడ్ల బుట్ట మరిచానని వెనక్కి వెళ్లాను. వాళ్లిద్దరూ బడి వెనక కోళ్లగూటి దగ్గర నిలబడి ఉన్నారు. మధ్యలో గూడు ఉంది. ఆమె తల వంచుకుని ఏదో చెబుతోంది. నాకు వినపడింది చివరి మాటలే.

"ఆయనకు తెలిస్తే తట్టుకోలేడు" అంది.

"అన్నకు తెలియనీనులే వదినా. నా నోట రాదు" అన్నాడు.

నా చెప్పుల చప్పుడు విని ఇద్దరూ ఒకేసారి ఇటు తిరిగారు. ప్రేమానందం వెంటనే సీమకోడికి జబ్బు చేసిందని మొదలుపెట్టాడు. కోడి బాగానే ఉంది. ఆమె బుట్ట నా చేతికిచ్చింది. దారిలో ఏం మాట్లాడుకున్నారని అడిగాను. గింజల ధర అంది.

చెంచులక్ష్మి నాతో అబద్ధం చెప్పడం నేను గమనించినంతలో ఇదే మొదటిసారి.

17 ఫిబ్రవరి

వార్త రాశాను. ఆత్మకూరు ప్రదర్శన జడ్జీలిద్దరూ ముందే కూడబలుక్కుని రంగులు నిర్ణయించారని, రెండు తాలూకాల రైతులు ఆ ప్రమాణాన్ని నమ్మనక్కరలేదని. ఆమె నా భార్య అని కూడా రాశాను, దాచలేదు. ఈ వార్త పడితే కమిటీ పోతుంది, అతని పేరు పోతుంది. ఆమె ఆత్మకూరు పోదు. ఆ తర్వాత ఈ ఇంట్లో ఏం మిగులుతుందో వార్తలో రాయవలసిన విషయం కాదు.

పంపలేదు. చదివితే రుజువు లేదు. ఇంకొకడు ఇలాంటిది రాసి తెస్తే నేనే తిప్పికొట్టేవాణ్ణి.

రుజువు సంపాదించడం కష్టం కాదు. ఇద్దరినీ విడదీసి వేరే వాళ్లతో కూర్చోబెట్టాలి. సైగ చేసేవాడు అవతల లేకపోతే తేడాలు బయటపడతాయి. ఆదివారం జలదంకి హుసేనయ్య గుడ్లు కొనడానికి వస్తాడు. పందెం పుంజులు సాకే పెంచలనరసయ్య ఊళ్లోనే ఉన్నాడు. ప్రమాణాన్ని నలుగురితో సరిచూడటం మంచిదని ప్రేమానందానికి చెప్పాను. సంతోషంగా ఒప్పుకున్నాడు. నటనలో కూడా మాస్టరే.

20 ఫిబ్రవరి, ఆదివారం

ఇవాళ పరీక్ష జరిగింది. మొదట చెంచులక్ష్మికి అవతల హుసేనయ్యను కూర్చోబెట్టాను. హుసేనయ్య చేతిలో నుంచి రోజూ వందల గుడ్లు పోతుంటాయి గాని రంగు ఎప్పుడూ చూడలేదని, చిట్లిందా లేదా అనే చూస్తాడని ముందే చెప్పాడు. గిన్నెలు చూసి, తాంబూలం కూడా పెడతారా అని అడిగాడు. తర్వాత పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె సున్నం అంటే సున్నం. ఆమె చందనం అంటే చందనం. రెండు చోట్ల మాత్రం వెన్నకూ కొర్రలకూ మధ్య తడబడ్డాడు.

తర్వాత ప్రేమానందానికి అవతల పెంచలనరసయ్య. వాళ్లిద్దరికీ మాటల్లేవు, పోయిన సంవత్సరం ఒక పుంజు విషయంలో చెడింది. అయినా గుడ్లు ఒకే గిన్నెల దగ్గరికి వెళ్లాయి. మధ్యలో హుసేనయ్య తన బుట్టలోని ఒక గుడ్డు నాకు ఇచ్చి, దీన్ని కూడా చూపించమన్నాడు. మిగతా ముగ్గురూ దాన్ని పళ్లెం బయటే పెట్టారు. పెంచలనరసయ్య పెడుతూ, నోరు విప్పకూడదన్న నియమం మరిచి, బాతుగుడ్డు తెచ్చి ఆటలా అన్నాడు.

నేను రాసింది మళ్లీ చూసుకున్నాను. సైగ లేదు. ఎవరిని ఎవరితో కూర్చోబెట్టినా ఒకటే. నాకు కావలసిన రుజువు దొరకలేదు. అక్కడితో లేవవలసింది.

హుసేనయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు గూడా కూర్చో మాల్యాద్రీ. ఎప్పుడు చూసినా రాసేదేనా?"

చాప అవతల నుంచి ఆమె, "ఆయన వద్దు" అంది. అదే క్షణంలో ఇవతల నుంచి ప్రేమానందం, "అన్నకు పనుందిలే" అన్నాడు. ఇద్దరి మాటా కలిసి వినపడింది. మళ్లీ ఒకటే జవాబు.

ఆ ఒక్కదానికి కూర్చున్నాను. రాయడానికి పెన్సిలు ప్రేమానందానికి ఇచ్చాను. తీసుకోవడానికి ఆలస్యం చేశాడు.

తెల్ల సీమకోడి గుడ్డు సున్నం దగ్గర పెట్టాను. తేలికే. తర్వాత నాటుకోడి గుడ్డు. బూడిద దగ్గర పెట్టాను. అది బూడిదలాగే ఉంది, ఇప్పటికీ అలాగే ఉంది. ఇంకొకటి, బూడిదే. ఇంకొకటి చందనం. చందనానికీ బూడిదకూ మధ్య కాస్త నలుపు తెలుపుల తేడా తప్ప నాకేమీ కనపడటం లేదని అప్పుడే గమనించాను. ఇన్ని రోజులూ పళ్లేలు సర్దింది చెంచులక్ష్మే. నేను రాసుకునేటప్పుడు ఏ గిన్నె ఎక్కడుందో దాన్ని బట్టి రాసుకునేవాణ్ణి. ఇవాళ నా ముందున్న పళ్లెం మాత్రం పెంచలనరసయ్య సర్దాడు.

చివర్లో హుసేనయ్య తెచ్చిన ఆ గుడ్డు ఇచ్చారు. బాతుగుడ్డని విన్నాను గాని నా కంటికి రంగు కుదిరింది, చందనం పక్కన పెట్టాను.

హుసేనయ్య పగలబడి నవ్వాడు. "ఏంది మాల్యాద్రీ, బాతుగుడ్డును గూడా కోడి కడుపున పుట్టించినావే. అంత ఆకుపచ్చగా ఉండాదే" అన్నాడు. నేను ఆటపట్టిస్తున్నానని అతను అనుకున్నాడు. నా ముఖం చూశాక నవ్వు ఆపాడు. పెంచలనరసయ్య గుడ్లు బుట్టలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. ఎత్తవలసిన తొందరేమీ లేదు.

చాప అవతల నుంచి ఆమె ఇవతలికి రాలేదు.

21 ఫిబ్రవరి

నిన్నటి రికార్డు శుభ్రంగా తిరగరాశాను.

22 ఫిబ్రవరి, మంగళవారం

పొద్దున దొడ్లో కోళ్లను వదులుతుంటే అడిగాను. ఎప్పటినుంచి తెలుసని.

కాపురానికి వచ్చిన ఏడాదే అంది. మిరపచేలో పండుకాయలు కోసుకురమ్మంటే పచ్చివీ పండువీ కలిపి కోసి తెచ్చానట. మా నాయన తిట్టబోతే, నేనే అలా కొయ్యమన్నానని ఆమె అడ్డం వచ్చిందట. నాకు గుర్తు లేదు. ఆ తర్వాత నన్ను కాయలు కొయ్యమని ఎవరూ చెప్పలేదు. రాతకోతలున్న మనిషి చేలో దిగక్కర్లేదని గౌరవం అనుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవారు?"

"అతనికి చెప్పినావు గదా."

ఆమె గూటి తలుపు వేసి నా వైపు తిరిగింది. "మిమ్మల్ని గుడ్ల జడ్జిగా పెట్టాలని మాస్టరు మొదట అనుకున్నాడు. పేరు గూడా రాసుకున్నాడు. ఆత్మకూరులో రెండు తాలూకాల జనం మధ్య మీరు బాతుగుడ్డును కోడిగుడ్డంటారని నేను పోయి ఆపినాను. ఆపడానికి కారణం అడిగినాడు. చెప్పక ఏం చెయ్యమంటారు?"

"ఇంకో కారణం చెప్పొచ్చు."

"ఇన్నేళ్లు ఇంకో కారణమే చెప్తా వచ్చినాను. మీకు, మీ నాయనకు, ఊళ్లో వాళ్లకు. ఒక్క మనిషికి నిజం చెప్తే నేరమా?"

చీర సంగతి అడిగాను. ఏ రంగని. ఆకుపచ్చ అంది. పుట్టింటివాళ్లు పెట్టిన చీర.

సాయంత్రం కూర్చుని పదహారో తేదీ నాటి మాటలు మళ్లీ చదివాను. తట్టుకోలేడు అని ఆమె అన్నది దీని గురించే. ఆ రోజు నాకు కోపం వచ్చింది, దానికి కారణం పోయింది. కోపం పోలేదు. నేను అనుమానించిన తప్పు వాళ్లు చేయలేదు. అయినా ఒక గుడ్డు తెచ్చి ఆమె ముందు పెడితే ఆమెకు ఏది కనపడుతుందో అతనికీ అదే కనపడుతుంది. హుసేనయ్యకూ కనపడుతుంది. పెంచలనరసయ్యకూ కనపడుతుంది. ఆమె పక్కన ఇన్నేళ్లు బతికిన నాకు కనపడదు. నేను ఏ పరీక్ష పెట్టినా, చాప మీద ఎన్ని గోనెలు వేసినా అక్కడికి వెళ్లలేను.

ఈ మాటలు రాయకపోతే బాగుండేది. కొట్టివేయను.

23 ఫిబ్రవరి

పదిహేడో తేదీ రాసిన వార్త పొయ్యిలో పెట్టాను.

24 ఫిబ్రవరి, గురువారం

బ్లాకు అధికారి మనిషి సమ్మతి కోసం వచ్చాడు. నేను వరండాలో ఉన్నాను. ఆమె లోపల బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు ఆగింది.

వద్దనడానికి కారణం వెతకనక్కర్లేదు. ఇంట్లో పనుందంటే చాలు, ఎవరూ తిరిగి అడగరు. ఊళ్లో అప్పుడే రెండు మూడు చోట్ల బాతుగుడ్డు మాట నడుస్తోంది. ఆమె ఆత్మకూరు పోతే ఆ మాట అక్కడికీ పోతుంది. మాల్యాద్రి భార్య చూడగలదు, మాల్యాద్రి చూడలేడు అని.

కానీ వద్దని చెప్పి తర్వాత ఈ ప్రదర్శన వార్త ఎలా రాస్తాను? గుడ్లకు రంగుల ప్రమాణం కుదిరిందని రాయాలి. దాన్ని సరిగ్గా చూపించగలిగిన మనిషిని ఎందుకు పంపలేదో రాయకుండా వదలాలి. తెలిసిన విషయం వదిలి వార్త రాయడం నాకు చేతకాదు.

సమ్మతి చెప్పాను. దానితో పాటు కమిటీకి ఒక నియమం కూడా పంపాను. జడ్జిగా కూర్చునేవాళ్లు ఎవరైనా ఆ ఉదయమే నలుగురి ముందు పళ్లెం పరీక్షకు నిలబడాలి. రంగులు తేడాగా చూసే మనుషులు ఉంటారని, ఉదయగిరి విలేఖరి అలాంటివాడని, అందుకు ఇరవయ్యో తేదీ రికార్డు సాక్ష్యమని కారణం రాశాను. నా పేరు నేనే రాశాను. నియమం కోళ్ల జడ్జికి కూడా వర్తిస్తుందని విడిగా రాశాను.

ఆ చివరి వాక్యం అవసరం లేదని నాకు తెలుసు. ప్రేమానందం రెండు తాలూకాల జనం ముందు పళ్లెం దగ్గర కూర్చోవడం నేను చూడాలి.

చేట చప్పుడు మళ్లీ మొదలైంది.

26 ఫిబ్రవరి, శనివారం

ప్రేమానందం ఇవాళ మధ్యాహ్నమే బయల్దేరాడు. సీమకోళ్ల గంపలతో హుసేనయ్య బండిలో. జడ్జీలిద్దరూ బస్సులో కలిసి పోదామని అతను అన్నాడు. కోళ్లు బస్సు కుదుపుకు తట్టుకోవని, బండే మంచిదని నేను చెప్పాను. కోళ్ల గురించి నాకేం తెలుసని అతను అడగలేదు. నవ్వి, "సరేనన్నా" అన్నాడు. కారణం అతనికి అర్థమైందని నాకు తెలిసింది. అందుకు కూడా అతని మీద కోపం వచ్చింది.

ఆమె రేపటికి చీర తీసి మంచం మీద పెట్టింది. నా పంచె కూడా. నేను చీర వైపు చూశాను. ఆమే, "నీలం" అంది. అడగకుండా నాకు ఒక రంగు పేరు చెప్పడం ఇదే మొదటిసారి. అది నీలమని నాకు తెలుస్తూనే ఉంది, నీలం నాకు బాగానే కనపడుతుంది. ఆ సంగతి చెప్పలేదు. ఆమె ఇంకా ఏమైనా చెబుతుందేమోనని కూర్చున్నాను. దిండు గలేబు చూపించి, "ఇది ఎరుపు. మీరు దీన్ని ఏమనుకుంటా ఉన్నారో ఏమో" అంది. ఇన్నాళ్లూ నేల మీది మట్టిలాగే కనపడుతోందని చెప్పాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, నాలాగా చూడాలని ప్రయత్నించింది. కుదరలేదంది.

రేపు ఉదయం ఆరింటికి ఆత్మకూరు బస్సు. ఎనిమిదిన్నరకు తాలూకా బోర్డు స్కూలు ఆవరణలో జడ్జీలకు పళ్లెం పరీక్ష, మొదట ప్రేమానందం, తర్వాత చెంచులక్ష్మి. పది గంటలకు గుడ్లు. ఆమె ఒక్కో బుట్ట దగ్గర ఆగి రంగు పేరు పైకి చెబుతుంది. నేను ఆమె పక్కన నడుస్తూ, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను. వార్త సాయంత్రం బస్సులో నెల్లూరు పోవాలి.